పరదేశి పికప్పుకు జంట చక్రాలు

కోవిడ్ రావడానికి రెండేళ్ళ ముందు, వానలు వెనకబట్టే బర్మావాళ్ళ తదింజుట్ నెలలో, ఒక పికప్పుకు వెనక జంట చక్రాలు అమర్చే పని నా చేతికి వచ్చింది. అప్పటికి నేను అహ్లోన్‌లోని ఒక ప్రైవేటు వర్క్‌షాపులో సీనియర్ ఇంజనీరుని. స్ట్రాండ్ రోడ్డుకూ నదికీ మధ్య, పాత బియ్యం మిల్లు గోదాముల్లో నడిచేది ఆ వర్క్‌షాపు. లారీలకు బాడీలు కట్టడం, చాసిస్ పొడిగించడం, యాక్సిళ్ళు మార్చడం మా పని. పైన యజమాని, ఆయన తర్వాత నేను, నా కింద ఫోర్‌మన్ కో టున్, అతని కింద ఫిట్టర్లు, వెల్డర్లు. బండి గేటు దాటాలంటే ఫిట్‌నెస్ కాగితం మీద నా సంతకం ఉండాలి. ఆ తర్వాతే అది రవాణా శాఖ పరీక్షకు వెళ్తుంది.

హాజరు పట్టీలో నా బర్మా పేరు డా మ్యా యీ. ఇంట్లోనూ గుడి దగ్గరా సరోజ. వర్క్‌షాపులో మాత్రం అందరూ నన్ను సయామా అనేవారు. బర్మాలో పంతులమ్మనీ ఇంజనీరమ్మనీ ఆ ఒక్క మాటతోనే పిలుస్తారు.

బండి తెచ్చినవాడు పరదేశి. బోటాటౌంగ్‌లో ఉంటాడు. వాళ్ళ తాత రేవులో బస్తాలు మోశాడు, తండ్రి గోదాములకు కాపలా కాశాడు. పరదేశి మాత్రం కుర్రతనంలోనే బోర్లు తవ్వే పనిలో చేరి, నెమ్మదిగా సొంత రిగ్గు సంపాదించాడు. రిగ్గు అంటే పెద్ద లారీ మీద ఉండేది కాదు. రెండు చక్రాల ట్రైలర్ మీద మడిచిపెట్టే స్తంభం, ఇంజను, బురదనీళ్ళు తోడే పంపు, కొన్ని పైపులు. దాన్ని పికప్పు వెనక తగిలించుకుని డెల్టా గ్రామాలకు తీసుకెళ్ళేవాడు. అక్కడ ఎండలు ముదిరేసరికి తాగునీటి గుంటలు అడుగంటుతాయి. వానలు తగ్గి రోడ్లు ఆరగానే పని మొదలుపెడితేనే ఆ లోపు బోర్లు పూర్తవుతాయి. ఆ ఏడాది మూడు గ్రామాలు అతని కోసం ఎదురుచూస్తున్నాయి.

గుడిలో ముఖపరిచయం ఉన్నవాడు కాబట్టి నన్ను అప్పా అని పిలిచేవాడు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన మావాళ్ళలో అక్కని అలాగే పిలుస్తారు. వస్తూనే తనకు కావలసింది చెప్పేశాడు.

"ఆరు సక్రాలు కావాలప్పా. టైరు పేలిపోబట్టే బండి అడ్డం తిరిగింది. జంట ఉండుంటే రెండోది కాసీది."

జరిగింది గడిచిన ఎండాకాలంలో. హ్లైన్ తాయా దాటి డెల్టా దారిలో ఒక వంతెన దిగుతుండగా ట్రైలర్ అటూ ఇటూ ఊగి, పికప్పుని అడ్డంగా తిప్పి, రోడ్డు అంచు రాళ్ళకేసి కొట్టింది. నడుపుతున్నవాడు పరదేశి తమ్ముడు అప్పలరాజు. పక్క సీటులో పరదేశి భార్య నూకాలు. ఆమె ప్రతి ఏడూ రిగ్గుతోపాటు వెళ్ళి పనివాళ్ళకు వంట చేసి పెట్టేది. పరదేశి ఆ రోజు బండిలో లేడు. ముందుగా వెళ్ళి గ్రామంలో చోటు గుర్తు పెడుతున్నాడు. రాజుకు చిన్న దెబ్బలే తగిలాయి. నూకాలుకు తుంటి ఎముక విరిగింది. నెలల తరబడి మంచంలో ఉండి, నా దగ్గరికి పికప్పు వచ్చేనాటికి కర్రతో నడుస్తోంది.

ప్రమాదస్థలానికి పరుగున వచ్చిన పరదేశికి వెనక ఎడమ టైరు చిరిగి కనబడింది. అక్కడ చేరిన జనం కుర్రాడు స్పీడుగా వచ్చాడన్నారు. ఆ రెండు మాటలూ అతని మనసులో నాటుకుపోయాయి. టైరు సంగతికి మా దగ్గరికి వచ్చాడు. తమ్ముడి సంగతికి, అతనితో మాటలు మానేశాడు. రాజు అన్నగారిల్లు విడిచి వేరే గది అద్దెకు తీసుకున్నాడు. రిగ్గు ఇంటి వెనక ఖాళీ స్థలంలో తాటాకుల కింద ఉండిపోయింది.

ఇదంతా మొదటిరోజే తెలియలేదు. నేను లైసెన్సు గురించి అడిగినప్పుడు బయటపడింది. పికప్పుకు ఆరు చక్రాలు వేస్తే బండి తరగతి మారుతుంది. దాంతో నడిపేవాడి లైసెన్సు తరగతీ మారాలి. పరదేశికి ఉన్నది చిన్న బండి లైసెన్సు. పెద్దది రాజుకే ఉంది. ఆ మాట వినగానే పరదేశి మొహం పక్కకు తిప్పుకున్నాడు. "సరే, ఆడినే రమ్మంటాను. బండి కాడికే," అన్నాడు.

ఇక పని సంగతి. వెనక ఇరువైపులా ఒక్కో చక్రం ఉన్నచోట రెండేసి చక్రాలు వేయడమే జంట చక్రాలు. బర్మావాళ్ళు అలాంటి బండిని చౌక్‌బెయిన్ అంటారు, ఆరు చక్రాలది అని. దీనికి రెండు దారులున్నాయి. మొదటిది తేలిక. చక్రం కూర్చునే హబ్ మీద మందపాటి ఇనుప పళ్ళెం ఒకటి బిగించి, దాని మీద రెండు చక్రాలూ తగిలించడం. ఈ పళ్ళేన్ని అడాప్టర్ అంటారు. రెండోది కష్టం. వెనక యాక్సిల్ మొత్తం విప్పేసి, పుట్టుకతోనే జంట చక్రాలున్న చిన్న లారీ యాక్సిల్ తెచ్చి అమర్చడం.

పరదేశి అడాప్టర్లు కొనుక్కునే వచ్చాడు. వాటి మీద తయారీదారు ముద్ర గానీ, బరువు గుర్తు గానీ లేవు. నేను వద్దన్నాను. పికప్పు హబ్‌లోని బేరింగు ఒక్క చక్రం బరువుకు లెక్కవేసి పెట్టినది. పళ్ళెం వేసి చక్రాన్ని బయటికి జరిపితే బరువు పడే చోటు కూడా బయటికి జరుగుతుంది. బేరింగు మీద, చక్రాన్ని పట్టి ఉంచే మరమేకుల మీద, అంటే స్టడ్ల మీద, వంచే బలం పెరుగుతుంది. ఊరిలో తిరిగే బండికి కొన్నాళ్ళు ఆగవచ్చు. రిగ్గు లాగే బండికి ఆగదు. పరదేశి పెద్దగా వాదించలేదు. యాక్సిల్ మార్చడానికే ఒప్పుకున్నాడు.

సౌత్ డగోన్‌లో తుక్కు యార్డుల్లో జపాన్ చిన్న లారీలు విప్పి అమ్ముతారు. కో టున్, నేను వెళ్ళి ఒక యాక్సిల్ ఎంచుకున్నాం. ఎంచుకునేటప్పుడు చూడాల్సినవి కొన్నున్నాయి. లోపలి పళ్ళ నిష్పత్తి పికప్పు పాత యాక్సిల్‌కు దగ్గరగా ఉండాలి, లేకపోతే ఇంజను అనవసరంగా అరుస్తుంది, లేదా ఎత్తు ఎక్కలేక మూలుగుతుంది. యాక్సిల్‌ని కప్పి ఉండే గొట్టం, అంటే హౌసింగ్, వంగి ఉండకూడదు. బ్రేకు డ్రమ్ములు అరిగిపోయి ఉండకూడదు. యార్డు మనిషి ముందే ఊడదీసి కడిగి పెట్టినదాన్ని కాకుండా, ఇంకా మట్టితో లారీకే ఉన్నదాన్ని విప్పించుకున్నాం. కడిగినదాని చరిత్ర తెలుసుకోవడం కష్టం.

వర్క్‌షాపులో దాన్ని అమర్చడానికి అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు పట్టింది. పికప్పు కింద కుదుపులు ఆపే స్ప్రింగు కమాన్ల మధ్య దూరం వేరు, లారీ కమాన్ల మధ్య దూరం వేరు. కమాను కూర్చునే దిమ్మెలు కోసి, కొత్త చోట వెల్డింగ్ చేయాలి. యాక్సిల్ హౌసింగ్ మీద ఒకేచోట అదేపనిగా వెల్డింగ్ చేస్తే వేడికి గొట్టం వంకర పోతుంది. ఇటు కాస్త, అటు కాస్త వేసి, చల్లారనిచ్చి, మళ్ళీ వేయాలి. మధ్యలో కరెంటు పోయేది. జనరేటరు మీద వెల్డింగ్ సెట్టు సరిగా లాగదని కో టున్ ఆపేసేవాడు. ఇంజను బలాన్ని వెనక యాక్సిల్‌కు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు పొట్టి చేయించి బ్యాలెన్స్ పట్టించాం. కొత్త డ్రమ్ములు పెద్దవి కాబట్టి బ్రేకు పెడల్ లోతుకు దిగిపోయింది. దానికి తగ్గ, బ్రేకు నూనె తోసే మాస్టర్ సిలిండర్ వెతికి వేశాం. బయటికి పొడుచుకొచ్చిన చక్రాల మీద మడ్‌గార్డులు వెడల్పు చేశాం.

రాజు మొదటిసారి వచ్చింది చక్రాలు ఎక్కించే రోజున. ముప్పై ఏళ్ళుంటాయి. సన్నగా, నిటారుగా ఉండేవాడు. అన్న ఒక చివర నిలబడితే ఇతను ఇంకో చివర నిలబడ్డాడు. నేను ఇద్దరికీ కలిపే చెప్పాను. జంటలో రెండు టైర్లూ ఒకే ఎత్తు ఉండాలి. ఒకటి కొత్తది, ఒకటి అరిగినది వేస్తే బరువంతా కొత్తదే మోస్తుంది. రెండింటి మధ్య ఖాళీ ఉండాలి, బరువు పడ్డప్పుడు పక్కలు రాసుకోకూడదు. ఆ ఖాళీలో రాయి ఇరుక్కుంటే వెంటనే కొట్టి తీసెయ్యాలి. ఎడమవైపు నట్లకు మర ఎదురు దిశలో తిరిగి ఉంటుంది, స్టడ్డు చివర గుర్తు చూడకుండా పానా వేస్తే విరుగుతాయి. కొంతదూరం నడిచాక నట్లన్నీ మళ్ళీ బిగించాలి.

పరదేశి తలాడిస్తూ విన్నాడు. రాజు వంగి స్టడ్ల చివరలు చూసుకున్నాడు. డ్రైవర్ సీటు వైపు మాత్రం వెళ్ళలేదు. ఒకసారి ఎక్కి పెడల్ చూడమని కో టున్ అడిగితే, తర్వాత చూస్తానన్నాడు. ఆ తర్వాత తెలిసింది, ప్రమాదం జరిగిన రోజు నుంచి అతను ఏ బండీ నడపలేదని. గోదాములో సరుకు ఎక్కించే పనికి వెళ్తున్నాడు.

పని పూర్తయ్యింది. ఖాళీ బండిని వాడలో తిప్పి చూశాం. బాగుంది. మా యజమాని బండి ఇచ్చేయమన్నాడు. పరదేశి కూడా తొందరపడుతున్నాడు. రోడ్లు ఆరిపోయాయి, మొదటి గ్రామం నుంచి రోజూ ఫోను. నేను ట్రైలర్ తెమ్మన్నాను.

పరదేశికి నచ్చలేదు. ట్రైలర్‌కు ఏ దెబ్బా తగల్లేదనీ, ఇరుసు వంగలేదనీ, తానే చూసుకున్నాననీ అన్నాడు. యజమాని నన్ను ఆఫీసు గదిలోకి పిలిచాడు. మంచివాడే, కోపిష్ఠి కాదు. అతను అడిగింది చక్రాలు, మనం వేసింది చక్రాలు, ట్రైలర్ మన పని కాదు, అన్నాడు. ఈ మార్పు లాగడం కోసం చేసింది కాబట్టి లాగి చూడకుండా ఫిట్‌నెస్ ఇవ్వలేనని చెప్పాను. మరీ అవసరమైతే ఆయనే సంతకం చేయవచ్చనీ అన్నాను. ఆయన కాగితం నా వైపే జరిపి, ట్రైలర్ తెప్పించుకోమన్నాడు.

ట్రైలర్‌ని ఒక అద్దె లారీ మీద ఎక్కించి నేరుగా సౌత్ డగోన్ పారిశ్రామిక వాడకు తెప్పించాం. అక్కడ సగం కట్టి వదిలేసిన ఫ్యాక్టరీల మధ్య పొడుగ్గా, తిన్నగా ఉండే రోడ్డొకటి ఉంది. ఆదివారం జనం ఉండరు. పరదేశి పైపులతో సహా సామానంతా ఎప్పటిలాగే సర్దాడు. రాజు కూడా వచ్చాడు. రోడ్డు పక్కన నిలబడ్డాడు, ఎక్కలేదు.

కో టున్ స్టీరింగు పట్టాడు. నేను పక్కన, పరదేశి వెనక సీటులో. యాక్సిల్ మారింది కాబట్టి స్పీడోమీటరు చూపేది నమ్మకూడదు. నా ఫోనులో వేగం చూస్తూ కో టున్‌కు చెబుతున్నాను. నలభైకి ఏమీ లేదు. యాభైకి వెనక ఏదో చిన్నగా లాగినట్టు అనిపించింది. అరవై దగ్గర పడుతుండగా ట్రైలర్ ఊగడం మొదలుపెట్టింది. మొదట అద్దంలో కనబడింది, తర్వాత నడుముకు తెలిసింది. ఎడమకు, కుడికి, మళ్ళీ ఎడమకు, ప్రతిసారీ కాస్త ఎక్కువగా. కో టున్ బ్రేకు తొక్కలేదు. అలాంటప్పుడు బ్రేకు తొక్కితే ట్రైలర్ ముందుకు తోసి బండిని మడిచేస్తుంది. స్టీరింగు కదపకుండా, యాక్సిలరేటరు మీంచి కాలు తీసి ఊరుకున్నాడు. కాసేపటికి ఊగడం తగ్గి బండి ఆగింది.

పరదేశి ముందు సీటు వెనక కమ్మీని పట్టుకున్న చేతులు ఇంకా తీయలేదు.

ఆరు చక్రాలున్నాయి, టైర్లు కొత్తవి, రోడ్డు చదును, వాలు లేదు, వేగం లేదు. అయినా ఊగింది. మిగిలింది ట్రైలరే. పికప్పు నుంచి విప్పించి చూశాను. దాని ముందున్న పొడుగాటి ఇనుప దూలాన్ని, పికప్పు వెనకున్న ఇనుప బంతికి తగిలించేదాన్ని, డ్రాబార్ అంటారు. ట్రైలర్ బరువులో పదో వంతు దాకా ఆ డ్రాబార్ కొస మీద, అంటే పికప్పు వెనక భాగం మీద, పడాలి. ఆ బరువు లేకపోతే ట్రైలర్ తోక బరువెక్కి, కొంత వేగం దాటాక లోలకంలా ఆడుతుంది. ముందు బండికి ఎన్ని చక్రాలున్నా దాన్ని పూర్తిగా ఆపలేవు.

కో టున్ వంగి డ్రాబార్ కొస పట్టుకుని లేపాడు. అది ఒక్క చేత్తో లేచింది.

కో టున్ నా వైపు చూశాడు. నేను పరదేశి వైపు చూశాను. పరదేశికి మాత్రం అందులో వింతేమీ కనబడలేదు. "అది అలగే లెగుస్తాదప్పా. ముందు ఇద్దరు పట్టీవోళ్ళు. నానే తేలిక సేసినాను," అన్నాడు.

ఎలా తేలిక చేశావని అడిగాను. బురద పంపు మొదట ట్రైలర్ ముందు భాగంలో ఉండేదట. బోరు దగ్గర బురద గుంట ఎప్పుడూ వెనకవైపే తవ్వుతారు కాబట్టి, గొట్టాలు లాక్కోవడం ఇబ్బందిగా ఉండేదట. గడిచిన ఎండాకాలానికి ముందు పంపు విప్పి ట్రైలర్ చివరకు మార్చి బిగించాడు. పనికి సులువు, పైగా తగిలించడమూ సులువైంది. చేసుకున్న మార్పు అతనికి బాగా నచ్చింది.

ఆ మార్పు తర్వాత రిగ్గు ఎన్నిసార్లు ప్రయాణం చేసిందని అడిగాను. వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయి ఒక్క వేలితో ఆగాడు. పంపు మార్చాక ప్రమాదం జరిగినదే మొదటి ప్రయాణం.

రోడ్డు పక్కనుంచి రాజు దగ్గరగా వచ్చి నిలబడ్డాడు. నేను మాట మెత్తబరచడానికి ప్రయత్నించలేదు. ఇంజనీరు చెప్పాల్సింది కొలిచినదీ చూసినదీ. కొలవడానికి ఆ వాడలోనే లారీలు తూచే వేబ్రిడ్జి ఒకటి ఉంది. పికప్పుని ట్రైలర్ లేకుండా ఒకసారి, తగిలించి, ట్రైలర్ చక్రాలు తూకం పలక బయటే ఉంచి ఒకసారి తూచాం. తగిలించినప్పుడు పికప్పు బరువు దాదాపు పెరగలేదు. ఆ సంగతి పరదేశికి చూపించి, పంపు వెనక్కి జరిపినందువల్లే ట్రైలర్ ఊగిందనీ, ఇంత తక్కువ వేగానికే చదును రోడ్డు మీద ఊగింది కాబట్టి వంతెన వాలులో ఇంకా సులువుగా ఊగుతుందనీ చెప్పాను. టైరు ఎప్పుడు చిరిగిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు, అడ్డంగా జారి రాళ్ళకు కొట్టుకున్నాక చిరిగి ఉండడమే ఎక్కువ నమ్మదగ్గది, అన్నాను.

పరదేశి ట్రైలర్ చక్రం పక్కన నేల మీద కూర్చున్నాడు. అక్కణ్ణించే అన్నాడు.

"అయితే ఆడు స్పీడెల్లలేదు."

"ఆ రోజు ఎంత వేగంలో వెళ్ళాడో నాకు తెలీదు పరదేశీ. ఇవాళ ఎంత వేగానికి ఊగిందో నువ్వూ చూశావు."

అతను తమ్ముడి వైపు తలెత్తి చూడలేదు. జేబులోంచి తాళం తీసి, కూర్చున్నచోటి నుంచే చెయ్యి చాపాడు. రాజు అందుకోలేదు. అతని గొంతులో కోపం వినబడలేదు, నాకు అదే ఎక్కువ బాధ అనిపించింది.

"ముందు ఆ పంపు పాత సోట ఎట్టు. అప్పుడు తోల్తాను," అన్నాడు.

మర్నాడు ట్రైలర్‌ని వర్క్‌షాపుకు తీసుకొచ్చాం, అద్దె లారీ మీదే. పంపు దిమ్మెలు విప్పి పాత చోటుకు మార్చాం. పైపుల అరను కూడా కొంచెం ముందుకు జరిపాం. గొట్టం కురచైపోతుందని పరదేశి అన్నాడు గానీ, పొడుగు గొట్టం కొనుక్కోవడానికి తనే ఒప్పుకున్నాడు. డ్రాబార్ ఇప్పుడు ఇద్దరు పట్టుకుంటే తప్ప లేవలేదు.

చదివేవారికి ఇక్కడ ఒక సందేహం రావచ్చు. కారణం పంపు అయితే, అంత కష్టపడి వేసిన జంట చక్రాలు దండగేనా అని. యజమాని కూడా నన్ను అదే అడిగాడు. దండగ కాలేదు. పంపు ముందుకు రాగానే ఆ బరువు డ్రాబార్ మీదుగా పికప్పు వెనక యాక్సిల్ మీద పడింది. మళ్ళీ తూచి చూస్తే, పాత యాక్సిల్‌కూ పాత రెండు టైర్లకూ రాసి ఉన్న హద్దు దాటుతోంది. అంటే పంపు మొదట్నించీ సరైనచోట ఉన్న రోజుల్లో కూడా ఆ పికప్పు తన శక్తికి మించి మోస్తూ ఉండేదన్నమాట. ఇప్పుడు ఆ బరువుకు తగ్గ యాక్సిల్ ఉంది. అయితే ఇది మేము ముందే తెలుసుకుని చేసింది కాదు. పరదేశి తప్పు కారణంతో సరైన వస్తువు అడిగాడు. ప్రతిసారీ అలా కలిసి రాదు.

రెండో పరీక్ష అదే రోడ్డు మీద, వారం తిరక్కముందే. ఈసారి సీటు ఎక్కింది రాజు. ఎక్కేముందు బండి చుట్టూ తిరిగి నట్లు తట్టి చూసుకున్నాడు. మొదట మరీ నెమ్మదిగా నడిపాడు. నేను వేగం చదువుతుంటే వింటున్నాడు. అరవై దాటింది. అద్దంలో ట్రైలర్ వెనకే తిన్నగా వస్తోంది. డెబ్భై. ఇంకొంచెం. కో టున్ చెప్పినట్టు స్టీరింగుని కావాలని చిన్నగా ఒకసారి కదిపి వదిలాడు. ట్రైలర్ ఒక్కసారి ఊగి కుదురుకుంది. అప్పుడు రాజు రోడ్డు చివర తనే బండి మళ్ళించి, నేను అడక్కుండానే ఇంకోసారి నడిపాడు.

ఫిట్‌నెస్ కాగితం మీద ఆ సాయంత్రం సంతకం చేశాను. రవాణా శాఖలో మార్పు డ్రాయింగు, బరువుల కాగితం చూసి, బండి కిందికి దూరి వెల్డింగులు పరీక్షించి ఆమోదించారు.

బండి తీసుకెళ్ళే రోజు పరదేశి ఒక్కడే ముందుగా వచ్చాడు. నాతో ఏదో చెప్పాలని గేటు దగ్గరే తచ్చాడాడు. నూకాలు వస్తుందనీ, పంపు సంగతి ఆమెకు ఇంకా చెప్పలేదనీ, నేను చెబితే బాగుంటుందనీ అన్నాడు. ఇంజనీరు చెబితే నమ్ముతుందన్నాడు. నేను చెప్పనన్నాను. బండి గురించి అడిగితే ఎవరికైనా చెబుతాను, ఇంటి సంగతి మాత్రం నువ్వే చెప్పుకోవాలి, అన్నాను.

నూకాలు టాక్సీ దిగి కర్ర ఊతంతో లోపలికి వచ్చింది, వెనకే రాజు. కొత్త చక్రాలు చూసింది, ట్రైలర్ చూసింది. నేను కో టున్‌తో వరండాలో ఉన్నాను. మాటలు వినబడేంత దూరమే. పరదేశి ట్రైలర్ దగ్గర నిలబడి పంపు మీద చెయ్యి వేసి, తల వంచుకుని చెప్పాడు. తక్కువ మాటల్లోనే చెప్పాడు. అతను ముగించాక ఆమె నింపాదిగా అంది.

"నాను ఆడి పక్కనే కూకున్నాను గదా. ముల్లు అరవై కాడే ఉంది. ఆస్పట్లో సెప్పినాను నీకు. మరిదిని ఎనకేసుకొస్తన్నావన్నావు. మరింక నన్నేటీ అడగలేదు."

నూకాలు కర్ర పికప్పులో పడేసి, రాజు చెయ్యి అందించగా ముందు సీటులోకి ఎక్కి కూర్చుంది. డెల్టాకు ఇప్పుడే కాదులే, బోటాటౌంగ్ దాకానే, అని నాకు చెప్పింది. పరదేశి వెనక సీటులో కూర్చున్నాడు. రాజు బండిని గేటు దాటించి స్ట్రాండ్ రోడ్డు మీద కంటైనరు లారీల వరుసలో కలిపాడు. ఆ ఎండాకాలం మూడు గ్రామాలకూ బోర్లు పడ్డాయని తర్వాత గుడిలో కలిసినప్పుడు నూకాలే చెప్పింది. అన్నదమ్ములు ఒకే ఇంట్లో ఉండడం మాత్రం మళ్ళీ జరగలేదు. పనికి కలిసి వెళ్ళేవారు, పని అయ్యాక ఎవరి ఇంటికి వాళ్ళు. ఒక వేబ్రిడ్జి కొలతతో అది కూడా సర్దుకుంటుందని నేనేమీ అనుకోలేదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా మా వర్క్‌షాపులో రెండు పద్ధతులు పెట్టాను. లాగే పని కోసం ఏ బండికి మార్పు అడిగినా, లాగబోయే వస్తువును సామానుతో సహా చూడకుండా పని మొదలుపెట్టలేదు. ప్రమాదం జరిగిన బండి వస్తే, దాని సొంతదారు చెప్పింది వినడంతో ఆపకుండా, ఆ సమయంలో బండిలో ఉన్న ప్రతి మనిషితోనూ విడివిడిగా మాట్లాడాను. సొంతదారు తాను అనుకున్న కారణం చెబుతాడు. బండిలో ఉన్నవాళ్ళు తమకు కనబడింది చెబుతారు. మరమ్మత్తుకు ఆ రెండోదే కావాలి.